దుబ్బు మొదట్లో తడవని రేకు

చివరి అంగుళం

వ్యవసాయాధికారులుగా చేరబోయే యువతీయువకులకు మందుల పేర్లు, మోతాదులు, పురుగుల జీవితచక్రాలు కంఠతా వచ్చేదాకా నేర్పుతారు. అవి అవసరమే, కాదనను. కానీ "మందు పనిచెయ్యలేదండీ" అంటూ నా గుమ్మం ఎక్కిన రైతుల చేలకు వెళ్ళి చూసినప్పుడు, చాలాసార్లు తప్పు మందులో కనబడలేదు, పురుగులోనూ కనబడలేదు. మందు గొట్టం దాటి గాలిలోకి వచ్చే చివరి అంగుళంలో కనబడింది. స్ప్రేయర్ కొసన బిగించే నాజిల్‌లో కనబడింది. నా ఉద్యోగకాలమంతటిలో ఆ నాజిల్ గురించి నన్ను ఏ పై అధికారీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పింది ఆ కోపమే.

చూసిన ప్రతి చేను గురించీ పంట, దశ, పురుగు, వాడిన మందు రాసుకునే అలవాటు నాకు చేరిన కొత్తలోనే పట్టుబడింది. తరువాత ఆ పట్టికలో ఇంకొక గడి గీసుకున్నాను. ఏ నాజిల్ వాడారు, అది ఎంత అరిగింది, మనిషి చేలో దిగి కొట్టాడా, గట్టు మీద నిలబడి కొట్టాడా అన్నది అందులో రాసేవాడిని. ఆ గడి నింపడం మొదలుపెట్టిన తరువాతే నా ఉద్యోగం ఏమిటో నాకు తెలిసివచ్చింది.

సంగతి సులువైనదే. పురుగుమందుకు వాడే కోన్ నాజిల్ నీటిని సన్నని తుంపరగా చేసి గుండ్రంగా తిప్పి వదులుతుంది. ఆకుల సందుల్లోకి, అడుగుభాగాలకు వెళ్ళడానికి అది పనికివస్తుంది. కలుపుమందుకు వాడే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ కాస్త పెద్ద చుక్కలను విసనకర్రలా పరుస్తుంది. ఆ చుక్క గాలికి పక్క చేలోకి పోదు. ఒకదాని పని ఇంకొకదానితో చేయిస్తే నష్టమే. కడియం వైపు ఒక నర్సరీలో అమ్మకానికి సిద్ధంగా ఉన్న గులాబీ మొక్కలన్నీ చిగుళ్ళు మెలికలు తిరిగి పోతే, తెగులు అనుకుని యజమాని వరుసగా మందులు కొట్టాడు. తెగులు కాదు. పక్క వరిచేలో కోన్ నాజిల్‌తో కొట్టిన కలుపుమందు గాలికి పొగలా కొట్టుకువచ్చింది, అంతే. ఇంత చిన్న విషయం అటు వరిచేను రైతుకూ ఎవరూ చెప్పలేదు, ఇటు నర్సరీ యజమానికీ చెప్పలేదు. స్ప్రేయర్ పెట్టెలో చిన్న కవరులో వేసి ఇచ్చే అదనపు నాజిళ్ళు మా డెల్టాలో ఎన్ని ఇళ్ళ అటకల మీద విప్పకుండా పడి ఉన్నాయో నేను చూశాను.

మొక్కలు పోతే మళ్ళీ అంటు కట్టుకోవచ్చు. ఇప్పుడు చెప్పబోయే చేలో పోయినది అలా తిరిగి వచ్చేది కాదు.

గట్టు దిగనక్కరలేని యంత్రం

నేను పశ్చిమ డెల్టాలో పనిచేస్తున్నప్పుడు సుబ్బరాజు గారని ఒక భూస్వామి ఉండేవారు. భీమవరంలో నివాసం. చేపల చెరువుల మీద వ్యాపారం. పొలమంతా చెరువులుగా తవ్వించగా మిగిలిన కొద్ది ఎకరాల వరిచేనును ఏసోబు అనే రైతు చాలా ఏళ్ళుగా సగపాలుకు చేస్తున్నాడు. పెట్టుబడి, మందులు రాజుగారివి. చాకిరీ ఏసోబుది. పండినది చెరిసగం. కాగితం ఏదీ లేదు. ఏసోబు ఊరి చర్చిలో సంఘపెద్ద. తగవు వచ్చినప్పుడు అతని మాట మీద రెండు వర్గాలూ ఆగేవి. అటువంటి మనిషి.

వరికి దోమ పడితే ఏసోబు వీపున స్ప్రేయర్ కట్టుకుని చేలో దిగేవాడు. మా ప్రాంతపు దోమ ఆకుల మీద ఉండదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన, గుంపులుగా కూర్చుని రసం పీలుస్తుంది. అక్కడికి మందు చేరాలంటే నాట్లప్పుడే కాలిబాటలు విడిచిపెట్టి, ఆ బాటల్లో నడుస్తూ, నాజిల్‌ను దుబ్బుల సందుల్లోకి వంచి కొట్టాలి. అది ఒళ్ళు విరిగే పని.

ఆ సార్వాలో, అంటే వానాకాలపు పంటలో, రాజుగారు పెట్రోలు పవర్ స్ప్రేయర్ కొన్నారు. పొడవాటి పైపు, దాని కొసన గన్ను. గట్టు మీద నిలబడి మీట నొక్కితే నీళ్ళు ధారగా చేను నడుమ దాకా వెళ్ళి పడతాయి. నేను అటు వెళ్ళినప్పుడు రాజుగారు ఆ యంత్రాన్ని చూపించారు.

"ఏవండీ, ఆఫీసరుగారూ, ఎలా ఉంది? ఇక మా ఏసోబు పేంటు మడవక్కర్లేదు."

"యంత్రం బాగుందండి. గన్ను మాత్రం మార్చండి. ఇది దోమకి పనికిరాదు. పైన ఆకులు కడిగి పోతుంది."

"మీకు కొత్తది ఏది చూసినా అనుమానమేనండీ," అన్నారాయన నవ్వుతూ. "వాన మాత్రం పైనుంచి కురవట్లేదా? మొదటికి దిగట్లేదా?"

వాన గంటల తరబడి కురుస్తుందని, ఆయన సీసాలో ఉన్నది వాన కాదని చెప్పాను. ఆయన ఈలోగా ఫోనులో చెరువు మేత గురించి మాట్లాడుతున్నారు. ఆ సీజనుకు కాలిబాటలు కూడా తియ్యవద్దని, గన్ను ఉండగా నేల వృథా ఎందుకని ఏసోబుకు చెప్పి నాట్లు వేయించారు.

మాయమైన మందు

కంకుల్లో గింజ పాలు పోసుకునే దశలో దోమ వచ్చింది. రాజుగారు ఖరీదైన మందు పంపారు. ఏసోబు గన్నుతో కొట్టాడు. చేను అక్కడక్కడ గుండ్రంగా ఎండింది. ఇంకా ఖరీదైన మందు పంపారు. మళ్ళీ కొట్టాడు. గుండ్రాలు కలిసిపోయి చేను నడుమంతా మాడింది. గట్టు వెంట మాత్రం పచ్చని అంచు మిగిలింది. పక్క చేను రైతు అదే కొట్టులో, అదే మందు కొని వీపు స్ప్రేయర్‌తో కొట్టుకున్నాడు. అతని చేను నిలబడింది.

రెండు చేలనూ చూసి రాజుగారు ఒక నిర్ణయానికి వచ్చారు. మందు ఒకటే, దోమ ఒకటే. అయితే తన చేలో మందు పడి ఉండదు. కాలువ లాకుల దగ్గరి టీ కొట్టులో పదిమంది వింటూ ఉండగా అన్నారట, "మా మందు మా చేలో కొట్టి ఉంటే చచ్చేది కదా దోమ. సీసాలు ఎవరికో అమ్మేశాడు. నీళ్ళు కొట్టి ఊరుకున్నాడు." దాళ్వాకు, అంటే రెండో పంటకు, చేను వేరొకరికి ఇస్తానని కూడా అక్కడే చెప్పారు.

మరునాడు ఏసోబు, అతని భార్య మార్తమ్మ నా కార్యాలయానికి వచ్చారు. మార్తమ్మ సంచిలోంచి ఖాళీ సీసాలు తీసి బల్ల మీద పేర్చింది.

"ఇవి చూపించావా రాజుగారికి?" అని అడిగాను.

"చూపించానండి. ఖాళీ సీసాలు ఎవరైనా చూపిస్తారు, లోపలిది ఎక్కడ పోశారో చెప్పమన్నారండి," అంది.

ఏసోబు కూర్చోమన్నా కూర్చోలేదు. "చేను పోతే పోనివ్వండి. ఇంకో చోట చేసుకుంటాం. ఆ మాట అలా ఉండిపోతే ఇంకో చేను ఎవరిస్తారండీ? ఆదివారం సంఘం ముందు నిలబడి ఏం చెప్పనండీ? ఇది తేలేదాకా సంఘపెద్దగా ఉండనని పాస్టరుగారికి చెప్పేశాను."

"నేను వచ్చి చూస్తాను."

"చూడ్డానికి ఏముందండీ, మాడిపోయింది," అంది మార్తమ్మ. "ఈయన మందు కొట్టాడని మీరు చెప్పగలరా, అది చెప్పండి."

చెప్పలేకపోయాను. వెళ్ళి చూశాను. మధ్యలో వాన పడి ఆకుల మీద మందు జాడ లేకుండా పోయింది. దుబ్బులు విడదీస్తే మొదట్లో దోమ నల్లగా అంటుకుని ఉంది. కారణం నాకు కళ్ళెదుట కనబడుతోంది. కానీ నా మాట రాజుగారు ముందే కొట్టిపారేశారు. చూపించాలి.

చుక్కలు ఎక్కడ పడ్డాయో తెలుసుకోవడానికి తడి తగిలితే రంగు మారే పసుపుపచ్చ కాగితాలు ఉంటాయి. అవి కొన్ని ఇప్పించమని మా పై అధికారి దగ్గరకు వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాడు. సమయానికి వస్తాడు, ఫైలు ఆపడు, ఎవరి చేతి టీ కూడా తాగడు. కానీ ఆయన బురదలో దిగగా నేను చూడలేదు.

"ఆ కాగితాలు ట్రైనింగులకండి. అయిపోయాయి కూడా. అయినా మీకెందుకివన్నీ? దోమ మందుకు అలవాటు పడిపోయిందని రాసెయ్యండి. లేదా మందు నకిలీదేమో, శాంపిల్ తియ్యండి."

"పక్క చేలో అదే మందు పనిచేసింది సార్. ఇది నాజిల్ వల్ల."

"నాజిల్ అని రాస్తే నేను పైకి ఏం పంపను? రైతుకి మందు పేరు చెప్పడం మన పని. గొట్టాలు చూసుకోవడం వాళ్ళ పని."

ఈ చివరి వాక్యాన్ని ఉద్యోగంలోకి వచ్చే ప్రతివారూ ఏదో ఒక రూపంలో వింటారు. వినగానే అది తప్పని గుర్తుపట్టండి. మందు పేరు కొట్టువాడు కూడా చెబుతాడు. ఆ మందు పురుగు ఉన్న చోటుకు చేరిందా లేదా అని చూడడానికే మనకు జీతం ఇస్తున్నారు.

రేకులు

మా అన్నయ్యగారి ఇల్లు ఆత్రేయపురం. వదినగారు పూతరేకులు తీస్తారు. బోర్లించిన కుండ కింద మంట వేసి, పలుచని బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే, రేకు కాగితంలా లేచివస్తుంది. చెమట చెయ్యి తగిలినా ముడుచుకుపోతుంది. నీటిచుక్క పడితే అక్కడికక్కడ కరిగి కన్నం పడుతుంది. ఆ ఆదివారం వారింట్లో కూర్చుని అది చూస్తున్నప్పుడు నాకు ఆ పసుపుపచ్చ కాగితాలు గుర్తుకువచ్చాయి. రేకులు కావాలని అడిగాను. ఎందుకో చెప్పాను.

"చేలో పెడతారా? రేకులా?" అన్నారు వదినగారు, చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని. "అయితే బెల్లం, నెయ్యి కూడా పట్టుకెళ్ళండి మరిదిగారూ. దోమలు తిన్నా తృప్తిగా తింటాయి."

నవ్వారే గానీ, మంచి రేకులు ఏరి డబ్బాలో పొడిగా సర్ది ఇచ్చారు.

ఎండ బాగా ఎక్కి మంచు తడి ఆరిపోయాక చేలో దిగాము. రాజుగారిని నేనే స్వయంగా వెళ్ళి పిలుచుకువచ్చాను. టీ కొట్టులో ఆ మాట విన్నవాళ్ళు కొందరు తమంతట తామే వచ్చి గట్టు మీద నిలబడ్డారు. రేకును ముక్కలు చేసి, చీల్చిన చీపురు ఈనెలకు బిగించి, ఇంకా పచ్చగా ఉన్న దుబ్బులను గట్టు దగ్గర కొన్ని, గట్టుకు దూరంగా కొన్ని ఎంచుకుని, ప్రతి దుబ్బుకూ మూడు చోట్ల పెట్టాను: కంకి దగ్గర, నడుమున, మొదట్లో. ట్యాంకులో ఉత్త నీళ్ళే పోయించాను.

"ఏసోబూ, ఆ రోజు ఎలా కొట్టావో అలాగే కొట్టు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

కొట్టాడు. గన్ను ధార ఎండలో తళతళలాడుతూ చేను మీద విల్లులా వంగింది. చూడడానికి ముచ్చటగా ఉంటుందని ఒప్పుకోవాలి. యంత్రం ఆపాక రాజుగారిని చేలోకి దిగమన్నాను. పంచె ఎగ్గట్టి దిగారు.

కంకుల దగ్గర రేకులన్నీ ముద్దలై ఈనెలకు వేలాడుతున్నాయి. నడుమున ఉన్నవి గట్టు పక్క చిరిగాయి, దూరంగా ఉన్నవాటికి అక్కడొక చిల్లు ఇక్కడొక చిల్లు పడింది. మొదట్లో పెట్టినవి గట్టు పక్కన మాత్రం జారిన నీటికి కరిగాయి. గట్టుకు దూరంగా ఉన్నవి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒకటి తీసి రాజుగారి చేతికి ఇచ్చాను. దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని చూశారు. వేళ్ళ మధ్య అది పెళుసుగా విరిగింది.

తరువాత కొత్త రేకులు పెట్టి, పక్క రైతు వీపు స్ప్రేయర్ అరువడిగి, కోన్ నాజిల్‌తో దుబ్బుల సందుల్లోకి వంచి కొట్టమన్నాను. బాట లేక ఏసోబు దుబ్బులను మోకాళ్ళతో విడదీసుకుంటూ నడిచాడు. ఈసారి మొదట్లోని రేకులు తీసి చూపిస్తే జల్లెడలా ఉన్నాయి.

గట్టు మీద ఎవరో అన్నారు, "రాజుగారి మందు కంకులు తాగాయండీ. దోమకి వాసన కూడా తగల్లేదు."

రాజుగారు నవ్వలేదు. "మిషన్ అమ్మినవాడు ఒక్క ముక్క చెప్పలేదండీ," అన్నారు. రేకుల వంక మళ్ళీ చూసి, "అయితే మందు కొట్టాడనే అంటారా?" అని నన్ను అడిగారు.

అవునని ఒక్క మాట అంటే సరిపోయేదేమో. కానీ చూసినదానికి మించి చెప్పడం నాకు చేతకాదు. ఈ ఉద్యోగంలో మీకూ చేతకాకూడదు. "రేకు చెప్పేది ఒక్కటేనండి. ఈ గన్నుతో ఎవరు కొట్టినా, ఏం కొట్టినా, దోమ దగ్గరకు చేరదు. కాబట్టి చేను మాడడం చూసి మందు అమ్ముకున్నాడని అనడానికి వీల్లేదు. అతను దొంగ కాదన్నది రేకును అడిగి తెలుసుకునే సంగతి కాదండీ. అన్నేళ్ళు మీ చేను చేసిన మనిషి. మీరు చెప్పాలి."

అన్న మాట

రాజుగారు కాళ్ళు కడుక్కున్నారు. ఏసోబును దగ్గరకు పిలిచారు.

"సరే ఏసోబూ. అయిందేదో అయింది. దాళ్వాకి నువ్వే చెయ్యి."

గట్టు మీద ఉన్న మార్తమ్మ ముఖం విప్పారింది. నేనూ తేలికపడ్డాను.

"కాకపోతే," అన్నారు రాజుగారు, "మందు కొట్టేటప్పుడు మన గుమస్తా వచ్చి గట్టు మీద ఉంటాడు. నీకూ మంచిదే. రేపు ఎవరూ ఒక మాట అనడానికి ఉండదు."

ఏసోబు స్ప్రేయర్ ఇంకా వీపు మీదనే ఉంది. దాన్ని నెమ్మదిగా దింపి గట్టున పెట్టాడు.

"ఆయ్, మంచిదేనండి. అయితే గుమస్తాగారినే చేసుకోమనండి చేను. గట్టు మీద ఒకరు, చేలో ఒకరు ఎందుకండీ."

"ఏంటా మాట? చేను ఇస్తున్నాను కదా."

"తమరు రేకును నమ్మారండి. నన్ను నమ్మలేదు," అన్నాడు ఏసోబు. గొంతు పెంచలేదు. భార్య వంక చూశాడు. ఇద్దరూ గట్టు వెంట నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

నేను రాజుగారితో ఒంటరిగా మాట్లాడాను. టీ కొట్టులో అన్న మాటను టీ కొట్టులోనే వెనక్కి తీసుకోమని అడిగాను. "ఎప్పుడో అన్నదాన్ని మళ్ళీ తవ్వడం ఎందుకండీ? నేను మళ్ళీ అనలేదు కదా. అంతే, అయిపోయింది," అన్నారు. ఆయనకు సంబంధించినంతవరకు అయిపోయింది. ఏసోబును ఆ ఊళ్ళో ఎవరూ కొత్తగా చేను చెయ్యమని పిలవలేదు. రేకులు చూసినవాళ్ళు కొద్దిమంది. మాట విన్నవాళ్ళు ఊరంతా. సంక్షిప్తంగా చెప్పాలంటే, వాళ్ళిద్దరూ కాకినాడ వైపు ఏదో గోడౌనులో పనికి వెళ్ళిపోయారు. పాస్టరుగారు ఎంత చెప్పినా సంఘపెద్దగా అతను తిరిగి నిలబడలేదు.

వెళ్ళేముందు మార్తమ్మ కార్యాలయానికి వచ్చింది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకున్నాను. "మిషన్ తప్పు చూపించారండి. మీరు చెయ్యగలిగింది మీరు చేశారు," అని మాత్రం అంది. ఆ రెండు వాక్యాల మధ్య ఆమె వదిలిపెట్టినది ఏమిటో నాకు తెలుసు: భర్త మందు కొట్టాడని నేను చెప్పగలనా అని మొదటిరోజు అడిగినదే.

దాళ్వాకు చేను వేరే ఊరినుంచి వచ్చిన ఒక కౌలుదారు చేతికి వెళ్ళింది. దోమ మళ్ళీ వచ్చింది. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి అదే యంత్రం, అదే గన్ను. గుమస్తా గొడుగు వేసుకుని గట్టు మీద కుర్చీలో ఉన్నాడు. సీసాల మూతలు తన ఎదుటే తీయించానని, చివరి చుక్క వరకు చేలోనే పడిందని నాకు హామీ ఇచ్చాడు. అందులో అబద్ధం లేదు.

చేను మునుపటిలాగే నడుమ నుంచి మాడింది. మునుపటిలాగే గట్టు వెంట పచ్చని అంచు మిగిలింది.

నేను భీమవరం వెళ్ళి రాజుగారిని కలిశాను. గన్ను ఎందుకు మార్చలేదని అడిగాను.

"చేలో దిగి కొట్టే మనిషి దొరకట్లేదండీ. దిగమంటే ఎవరూ దిగట్లేదు. అయినా ఈసారి తప్పు మందుదేనండి. కంపెనీ వాళ్ళు మోసం చేశారు."

"ఈసారి మందు అమ్ముకున్నారని అనుకోలేదా?"

"అదెలాగండీ? మా గుమస్తా అక్కడే ఉన్నాడు కదా."

"అయితే అప్పుడు కూడా అమ్ముకోలేదనేగా దీని అర్థం. అదే చేను, అదే గన్ను, అదే మాడడం. ఏసోబు సంగతి మరి?"

ఆయన టీ చల్లారిపోతోందని నాకు గుర్తుచేశారు. చివరకు అన్నారు.

"అతను వెళ్ళిపోయాడు కదండీ."